జర్మన్ బీర్ స్టైన్ కొంటున్నారా? బొమ్మ తర్వాత చూడొచ్చు, ముందు మూత ఎత్తండి, అడుగు తిప్పండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. రెండు వారాల్లో మ్యూనిక్ నుంచి రాజమండ్రి వెళ్తున్నారు. మామగారి రిటైర్మెంట్‌కి ఒక అసలైన జర్మన్ బీర్ మగ్, మూతతో ఉన్నది, తీసుకెళ్ళాలి. ఊళ్ళో షాపుల్లో ఒకేలా కనిపించే మగ్గు ఒకచోట 18 యూరోలు, ఇంకోచోట 55, మరోచోట 140. తేడా ఎక్కడుందో అర్థం కాలేదు. మధ్యలో ఆన్‌లైన్‌లో ఒకాయన 1900 నాటి పాత మగ్గు 90 యూరోలకు ఇస్తానంటున్నాడు. ఫొటోలో దాని అడుగున ‘డబ్ల్యూ. జర్మనీ’ అని రాసుంది. కొనొచ్చా?

ఆ చివరిదానికి ముందే చెప్పేస్తాను, టెన్షన్ పోతుంది. కొనొద్దు. వెస్ట్ జర్మనీ అనే దేశం 1949కి ముందు లేదు, 1990 తర్వాత లేదు. 1900లో కాల్చిన మగ్గు మీద ఆ పేరు ఉండే అవకాశమే లేదు. అమ్మేవాడికి తెలియక చెప్పాడో తెలిసే చెప్పాడో మనకనవసరం. అది 60ల్లోనో 70ల్లోనో టూరిస్టుల కోసం చేసిన మగ్గు. పాతదే, కానీ మా నాన్నగారి పెళ్ళికి వచ్చిన స్టీలు బిందె ఎంత పాతదో అంతే.

నేను మ్యూనిక్‌లో పదమూడేళ్ళుగా ఉంటున్నాను. ఇంట్లో ముప్పై చిల్లర మగ్గులున్నాయి. వ్యాపారిని కాదు, ఉద్యోగం వేరే. ఆ ముప్పైలో మొదటి ఏడెనిమిది నా తొందరపాటుకి గుర్తులు. వాటి వల్లే నేర్చుకున్నాను కాబట్టి పారేయలేదు.

షాపుకెళ్ళే ముందు ఒక మాట. ‘బీర్ స్టైన్’ అనేది ఇంగ్లీషువాళ్ళ మాట. జర్మన్‌లో ష్టైన్ అంటే రాయి. ‘ష్టైన్‌సోయిగ్’ అంటే గట్టిగా కాల్చిన మట్టి సామాను. ఆ మాటలో సగం తెంపి ఇంగ్లీషువాళ్ళు మగ్గుకి పేరు పెట్టుకున్నారు. ఇక్కడివాళ్ళు ‘క్రూగ్’ అంటారు, ‘బీర్‌క్రూగ్’ అంటారు. లీటరు పట్టేది ‘మస్‌క్రూగ్’. ఆ ‘మస్’ని మనం మాస్ సినిమా అన్నట్టు సాగదీస్తే మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో పెద్దవాళ్ళు సరిదిద్దుతారు, పొట్టిగానే పలకాలి. పెద్ద అలంకారపు మగ్గుని ‘హుంపెన్’ అంటారు. స్టైన్ అని అడిగినా షాపువాళ్ళకి అర్థమవుతుంది. కానీ ‘క్రూగ్ మిట్ జిన్‌డెకెల్’, అంటే తగరపు మూతున్న మగ్గు, అని అడిగారనుకోండి, ముందు వరసలో పెట్టిన టూరిస్టు సరుకు పక్కకు జరిపి లోపలి బీరువా తెరుస్తారు. నాకు చాలాసార్లు అలాగే జరిగింది.

ఇక మట్టి సంగతి. మనవాళ్ళకి ఇది చెప్పడం తేలిక, ఎందుకంటే ఊరగాయ జాడీ మన అందరిళ్ళలోనూ ఉంది. ఆవకాయని మామూలు మట్టి కుండలో పెట్టం, ఉప్పూ నూనే పీల్చేసుకుంటుంది. జాడీలో పెడతాం, ఎందుకంటే దాని మట్టి బాగా ఎక్కువ వేడిలో కాలి, రాయిలా బిగిసి, ఏదీ పీల్చుకోదు, పులుపుకీ ఉప్పుకీ లొంగదు. అసలైన క్రూగ్ కూడా జాడీ జాతిదే. జర్మనీలో ఆ మట్టికి పెట్టింది పేరు వెస్టర్‌వాల్డ్ కొండప్రాంతం, కోబ్లెన్జ్ దగ్గర. అక్కడ హోర్-గ్రెన్‌జ్‌హౌజెన్ అనే ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు కలిపి ‘కానెన్‌బెకర్‌లాండ్’ అంటారు, అంటే కూజాలు కాల్చేవాళ్ళ సీమ. జీగ్‌బుర్గ్, రేరన్ ఊళ్ళ కుమ్మరులు 16వ శతాబ్దం చివర్లో అక్కడికి వలస వచ్చారు. బూడిదరంగు ఒంటి మీద నీలం పువ్వులున్న మగ్గులు మీరు చూసే ఉంటారు, ఆ పద్ధతి అక్కడిదే.

దాని మెరుపు రంగు పూస్తే వచ్చేది కాదు. కొలిమి 1200 డిగ్రీల దగ్గరకి వచ్చాక పైనుంచి ఉప్పు చల్లుతారు, మామూలు ఉప్పే. అది ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని ఇసుక పదార్థంతో కలిసి, మగ్గు ఒంటి మీద పల్చటి గాజు పొర అవుతుంది. చేత్తో తడిమితే నారింజ తొక్క మీద తడిమినట్టు సన్నని గుంటలు తగులుతాయి. ఒక్కసారి ఆ స్పర్శ పట్టుకుంటే ఇక మరిచిపోరు. మామూలు గ్లేజు, అంటే మట్టి మీది గాజు పూత, అద్దంలా జారిపోతుంది. ఉప్పు గ్లేజు అలా జారదు, వేలిని కొంచెం ఆపుతుంది. నీలమే ఎందుకంటే కోబాల్ట్ ఆ వేడికి తట్టుకుని నిలబడే రంగు. చాలా రంగులు అక్కడ మాడిపోతాయి. అందుకే మగ్గు మీద ఎరుపూ పసుపూ ఆకుపచ్చా తళతళలాడుతుంటే ఆ రంగులు తర్వాత తక్కువ వేడిలో వేసినవన్నమాట. అది తప్పు కాదు, వేరే రకం, అంతే. ఉప్పు కొలిమి నుంచి ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. దానివల్ల ఈ పద్ధతిలో కాల్చేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు బూడిదరంగుగా కనిపించే ప్రతి మగ్గూ ఉప్పు గ్లేజుది కాదు.

బొమ్మలేమీ లేని బూడిదరంగు మగ్గుని మ్యూనిక్ చుట్టుపక్కల ‘కెఫర్‌లోహర్’ అంటారు. కెఫర్‌లో అనే పల్లె మా ఊరికి తూర్పున ఉంది. ఒకప్పుడు అక్కడ పెద్ద గుర్రాల సంత, పశువుల సంత జరిగేది. సంతలో తాగే మగ్గుకి ఆ ఊరి పేరు వచ్చింది. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. బీరు తాగడానికి నేనెప్పుడూ తీసేది మాత్రం దాన్నే. చల్లటి నీళ్ళతో ఒకసారి తొలిచి పోస్తే గాజు గ్లాసులో కంటే చాలాసేపు చల్లగా ఉంటుంది.

మరి ఇంత మంచిదైతే మ్యూనిక్ బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్‌లో అంతా గాజు మగ్గులే ఎందుకని అడుగుతారు. మట్టి మగ్గులో ఎంత పోశాడో బయటికి కనబడదు కదా. నురుగు పైకి తేల్చి ముప్పావు లీటరు పోసి లీటరు డబ్బులు తీసుకోవడం ఇక్కడి పాత తగాదా. తక్కువ పోసేవాళ్ళని ఎదిరించడానికే మ్యూనిక్‌లో ఒక సంఘం ఉంది, దాని పేరే ‘మోసపు పోతకి వ్యతిరేక సంఘం’. మన పెట్రోలు బంకుల దగ్గర కూడా అలాంటిదొకటి పెట్టాలి. గాజులో అయితే గీత కనబడుతుంది. గీత మట్టి మగ్గు మీదా ఉంటుంది. అంచుకి కొంచెం కింద చిన్న అడ్డగీత, పక్కన 0.5 లీటర్ అనో 1 లీటర్ అనో. కొనేటప్పుడు అది ఉందో లేదో చూడండి. ఆ గీత ఉందంటే జర్మనీ కొలతల పద్ధతి ప్రకారం తాగడానికి చేసిన మగ్గు అని ఒక మంచి గుర్తు. ఒక్క దానితోనే అసలు నకిలీ తేల్చేయలేం కానీ, లేని కొత్త మగ్గుని నేనైతే షోకేసు సరుకు కిందే లెక్కేస్తాను.

ఇప్పుడు మూత. మీరు చూసిన 18కీ 140కీ మధ్య తేడాలో సింహభాగం ఇక్కడే ఉంది, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను.

మూత ఎందుకు పుట్టిందని అడిగితే షాపువాళ్ళు ప్లేగు రోజుల కథ, ఈగల కథ చెప్తారు. ఆగస్టులో ఒక సాయంత్రం బీర్ గార్డెన్‌లో చెస్ట్‌నట్ చెట్టు కింద కూర్చుంటే ఏ కథా అక్కర్లేదు. పది నిమిషాల్లో ఒక కందిరీగ, రెండు ఎండుటాకులు మీ గ్లాసులో ఉంటాయి. మూతతో ఇంకో పని కూడా ఉంది. ఖాళీ మగ్గు మూత తెరిచి పెట్టారంటే ఇంకోటి తెమ్మని. మూసి పెడితే చాలని. పాతకాలపు హోటళ్ళలో వడ్డించేవాళ్ళు ఇప్పటికీ దాన్ని గమనిస్తారు. విస్తరి మడవడం లాంటిది.

మంచి మూత తగరంతో పోతపోసినది. జర్మన్‌లో ‘జిన్’. మన ఇళ్ళలో ఇత్తడి గిన్నెలకి కళాయి పూయించేవాళ్ళు కదా, ఆ తగరమే. ఇప్పటి మంచి మూతల్లో నూటికి తొంభై అయిదు పాళ్ళు తగరం ఉంటుంది. మూత లోపలివైపు చిన్న అక్షరాలతో ‘జిన్ 95%’ అని ముద్ర కనిపిస్తుంది. పాత రోజుల్లో సీసం కలిపేవాళ్ళు, అందుకే నిజంగా పాత మగ్గులో నేను తాగను, అలమరలోనే పెడతాను.

షాపులో మగ్గు చేతిలోకి తీసుకుని ఇలా చేయండి. నాలుగు వేళ్ళు పిడిలో పెట్టి, బొటనవేలు మూత వెనకున్న మీట మీద ఆనించండి. నొక్కండి. మంచిదైతే మూత బరువుగా, ఒకే ఊపులో, అటూ ఇటూ ఊగకుండా లేస్తుంది. వేలు తీస్తే ‘టక్’మని తన చోట తను కూర్చుంటుంది. అంచుకీ మూతకీ మధ్య ఒక పక్క సందు, ఇంకో పక్క బిగువు ఉండకూడదు. తర్వాత మడతబందు చూడండి. మంచి మగ్గుకి అది మూడో అయిదో వలయాలు ఒకదాన్లో ఒకటి దూరి ఉన్నట్టుంటుంది. మధ్యలో సన్నని ఇరుసు. ఆ బందు కింద పట్టీ పిడిని చుట్టుకుని ఉండాలి. తగరం పనివాడు కరిగించిన తగరాన్ని పిడి చుట్టూ అచ్చు పెట్టి అక్కడికక్కడే పోస్తాడు. అందుకే పిడిలో ఉన్న చిన్న వంపు కూడా పట్టీలో దిగిపోయి ఉంటుంది, గోరు దూరదు. చవక మగ్గులో పల్చటి రేకు మూత, దాని పట్టీ పిడికి జిగురుతో అంటించి ఉంటుంది. పిడి దగ్గర పసుపు జిగురు చార కనిపిస్తే ఆ మగ్గు కింద పెట్టేసి ముందుకు నడవండి.

నా మొదటి మగ్గు అలాంటిదే. సిటీ మధ్యలో ఒక సావనీర్ షాపులో, వచ్చిన మూడో నెలలో, 22 యూరోలు పెట్టి కొన్నాను. కోటలు, పర్వతాలు, నాట్యం చేసే జంట, అన్నీ ఉన్నాయి దాని మీద. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే ‘చాలా బాగుందిరా, పెన్నులు పెట్టుకో’ అంది. ఆవిడకి అప్పుడే అర్థమైంది. రెండో వారం డిష్‌వాషర్‌లో పెట్టాను. బయటికి తీసేసరికి మూత మాసిన నలుపు, పట్టీ ఊడిపోయి చేతిలోకి వచ్చింది. ఇప్పుడు నిజంగానే పెన్నులే ఉన్నాయి అందులో.

చేతిలో ఉన్నప్పుడే ఇంకో పరీక్ష, దీనికి ఏ జర్మన్ పుస్తకమూ అక్కర్లేదు. వేసవిలో మీ అమ్మమ్మ కుండ కొనేటప్పుడు ఏం చేసేది? చూపుడువేలు మడిచి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది కదా. అదే. మూత తెరిచి పట్టుకుని, మగ్గు పొట్ట మీద కణుపుతో మెల్లగా కొట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా, చెక్క మీద కొట్టినట్టు పలికితే ఎక్కడో సన్నని పగులు ఉంది, ముఖ్యంగా పిడి అతికిన చోట చూడండి. నేను దాదాపు యాభై మంది జర్మన్ల ముందు సంతలో ఇలా కొట్టి చూశాను, ఒక్కరూ వింతగా చూడలేదు. వాళ్ళూ అదే చేస్తారు.

బొమ్మల గురించి చెప్పాల్సింది తక్కువ. భూతద్దం పెట్టి చూస్తే, లేదా ఫోన్ కెమెరా దగ్గరికి జూమ్ చేస్తే, చుక్కలు చుక్కలుగా కనిపించేది అచ్చు వేసి అంటించిన బొమ్మ. గీతలో కుంచె బరువు తేలికా కనిపిస్తే చేత్తో వేసింది. ఉబ్బెత్తు బొమ్మలున్న మగ్గులో లోపలికి చెయ్యి పెట్టి తడమండి. బయట బొమ్మ ఉబ్బిన చోట లోపల గుంట తగిలితే పల్చటి మట్టి ద్రావణం అచ్చులో పోసి తీసింది. లోపల నున్నగా ఉంటే మట్టిని అచ్చులోకి నొక్కి చేసింది, అదే గట్టిది. బొమ్మలో ఏముందన్నది మీ ఇష్టం. ఒక్క సలహా మాత్రం: ఒకే మగ్గు మీద కోట, గద్ద, మ్యూనిక్ చర్చి, బెర్లిన్ గేటు, ‘జర్మనీ’ అన్న పెద్ద అక్షరాలు కలిసి ఉంటే అది విమానాశ్రయం కోసం పుట్టిన మగ్గు.

ఇక తిప్పి అడుగు చూడండి. అడుగున తయారీదారు ముద్ర ఉండాలి. గెర్జ్, టేవాల్ట్, కింగ్, త్సోలర్ ఉంట్ బోర్న్, ఇవన్నీ వెస్టర్‌వాల్డ్ పేర్లు. ‘హాండ్‌గెమాల్ట్’ అంటే చేత్తో రంగులు వేసినది. ‘గెస్. గెష్.’ అంటే చట్టరీత్యా డిజైను రక్షించబడినది. ‘డి.ఆర్.జి.ఎం.’ కూడా అలాంటి రిజిస్ట్రేషనే, కానీ అది 1891 నుంచి రెండో ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఉన్న పద్ధతి. ‘జర్మనీ’ అని ఒక్క మాటే ఉందంటే ఎగుమతికి చేసినది కావొచ్చు. 1891 నుంచి అమెరికాలోకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. ఇక్కడి జనానికి అమ్మిన పాత మగ్గుల మీద దేశం పేరు లేకపోవడం మామూలే. కాబట్టి పేరు లేదని నకిలీ అనుకోకండి, పేరుందని అసలు అనీ అనుకోకండి. అన్ని గుర్తులూ ఒకే కథ చెప్తున్నాయా లేదా అన్నదే చూడాలి. మీ 90 యూరోల మగ్గులో అడుగు ఒక కథ, అమ్మేవాడు ఒక కథ చెప్తున్నారు.

నిజంగా పాతది కావాలంటే రెండు రకాలు మీకు ఎక్కువగా ఎదురవుతాయి. ఒకటి మెట్లాఖ్. జార్ నది ఒడ్డున ఆ ఊళ్ళో పాత బెనెడిక్టైన్ మఠాన్ని 1809లో జాన్-ఫ్రాంస్వా బోఖ్ కొని పింగాణీ ఫ్యాక్టరీ పెట్టాడు. 1836లో విల్లెరాయ్ కుటుంబంతో కలిసి విల్లెరాయ్ అండ్ బోఖ్ అయింది. మీ బాత్రూమ్‌లో సింకు మీద ఆ పేరు ఉండే ఉంటుంది. 1880 నుంచి 1910 దాకా వీళ్ళ మగ్గులకి తిరుగు లేదు. నల్లటి సన్నని గీతలు ఒంట్లోకి చెక్కి, మధ్యలో రంగు మట్టి నింపినట్టు ఉండే పని వాళ్ళ ప్రత్యేకత. హైన్‌రిష్ ష్లిట్ గీసిన మరుగుజ్జుల బొమ్మలున్నవైతే సేకరించేవాళ్ళు ఎగబడతారు. అడుగున మోడల్ నంబరు, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటాయి, 96 అంటే 1896. 1921లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి పాత రికార్డులు చాలా పోయాయి. అదే కంపెనీ తర్వాతి కాలంలో పాత డిజైన్లని మళ్ళీ చేసింది కూడా. అందుకని ‘మెట్లాఖ్’ అన్న ముద్ర కనిపించగానే పొంగిపోకండి.

రెండోది సైనికుల మగ్గు, ‘రిజర్విస్టెన్‌క్రూగ్’. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు రెండు మూడేళ్ళ తప్పనిసరి సైన్యం పూర్తిచేసి ఇంటికెళ్ళే కుర్రాళ్ళు జ్ఞాపకంగా చేయించుకునేవాళ్ళు. మగ్గు మీద తన పేరు, రెజిమెంటు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, పక్కన తనతోపాటు ఉన్నవాళ్ళ పేర్ల జాబితా. మన కాలేజీ ఆఖరి రోజున చొక్కాల మీద సంతకాలు పెట్టించుకున్నట్టు. పింగాణీవైతే అడుగు పల్చగా ఉండి, ఖాళీ మగ్గుని దీపం వైపు ఎత్తి చూస్తే లోపల ఒక బొమ్మ వెలుగులో తేలుతుంది. లితోఫేన్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంటి గుమ్మంలో సైనికుడు, ఎదురుగా అమ్మాయి.

వీటికి నకిలీలు కుప్పలు. నేనూ ఒకటి కొన్నాను. పాత సామాన్ల సంతలో ‘1910-12’ అని రాసున్నది, బేరమాడి, గెలిచానని మురిసిపోయి ఇంటికి తెచ్చాను. మా పై అంతస్తులో ఉండే పెద్దాయన చిన్నప్పటినుంచీ వీటి మధ్య పెరిగినవాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎత్తి చూసి, ఏమీ మాట్లాడకుండా నా చేతికిచ్చాడు. నేనూ ఎత్తి చూశాను. అడుగున బట్టల్లేని అమ్మాయి. ‘1912లో ఈ మగ్గు తీసుకుని వాళ్ళమ్మ ముందుకి వెళ్ళుంటాడంటావా?’ అన్నాడు. నగ్నంగా ఉన్న లితోఫేన్ ఉంటే ఆ సైనికుల మగ్గు తర్వాతి కాలపు నకలని సేకరించేవాళ్ళందరికీ తెలుసట, నాకే తెలియదు. పదాతిదళం పేరు రాసి ఫిరంగుల బొమ్మ వేసినవి కూడా ఉంటాయి, ఆ తేడా కూడా చూసుకోవాలి. మీరు రెండు వారాల్లో బయల్దేరుతున్నారు కాబట్టి పాతవాటి జోలికి ఇప్పుడు వెళ్ళొద్దనే నా మాట.

సైజు విషయం ఎవరూ చెప్పరు, కానీ ఇండియాకి తీసుకెళ్ళేటప్పుడు ఇదే ముఖ్యం. ఇక్కడ బీరు సీసా అర లీటరు, అందుకే అర లీటరు మగ్గు అతికినట్టు సరిపోతుంది. మన దగ్గర పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. అర లీటరు మగ్గులో అది పట్టదు, సీసాలో మిగిలింది వేడెక్కుతూ కూర్చుంటుంది. లీటరు మగ్గులో ఒక సీసా మొత్తం నురుగుతో సహా హాయిగా పడుతుంది. కానీ లీటరు మట్టి మగ్గు మూతతో కలిపి బాగా బరువు. అరవై ఏళ్ళ మణికట్టు దాన్ని నిండుగా ఎత్తి దించాలి. ఆక్టోబర్‌ఫెస్ట్ గాజు మగ్గే ఖాళీగా 1.3 కిలోల దాకా ఉంటుంది. మామగారు నిజంగా అందులో తాగుతారా, మజ్జిగ తాగుతారా, లేక టీవీ పక్కన పెడతారా, మీ ఆవిడని అడిగి తేల్చుకోండి. తాగితే అర లీటరు చాలు, చిన్న సీసాలు తెచ్చుకుంటారు. పెట్టుకోవడానికైతే లీటరుదే నిండుగా కనిపిస్తుంది.

మీరు చెప్పిన మూడు ధరల్లో నేనైతే 55 దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తాను. పైన చెప్పిన మూత పరీక్ష, శబ్దం పరీక్ష, అడుగు ముద్ర నెగ్గితే 55దే తీసుకోండి. 140లో చాలా భాగం చేత్తో వేసిన రంగులకీ మూత మీద శిల్పంలాంటి పనికీ పోతుంది. అది చూసి ఆనందించేవాళ్ళకైతే దండగ కాదు. వీలైతే సావనీర్ వీధి వదిలి ఔఎర్ డుల్ట్‌కి వెళ్ళండి. మరియాహిల్ఫ్‌ప్లాట్జ్‌లో ఏడాదికి మూడుసార్లు జరిగే సంత అది. గిన్నెలూ కుండలూ మగ్గుల దుకాణాలు వరసలు వరసలుగా ఉంటాయి, చేతిలోకి తీసుకుని కొట్టి చూడనిస్తారు. మీ రెండు వారాల్లో అది లేకపోతే ఆక్టోబర్‌ఫెస్ట్ అధికారిక మగ్గు అడగండి. 1978 నుంచి ఏటా ఒకటి వస్తోంది, ఆ ఏటి పోస్టర్ బొమ్మతో. మూతతోనూ మూత లేకుండానూ అమ్ముతారు, మూతదే తీసుకోండి. మామగారు రిటైరైన ఏడు మగ్గు మీదే ఉంటుంది, ఇంకేం కావాలి.

డబ్బు విషయంలో ఒక చిట్కా. మీరు ఇక్కడ రెసిడెంటు కాబట్టి పన్ను వాపసు రాదు. మీ అత్తగారో మామగారో ఇక్కడికి చూడ్డానికి వచ్చి వాళ్ళే కొంటే, ఒకే షాపులో బిల్లు 50 యూరోలు దాటితే, టాక్స్-ఫ్రీ ఫారం అడగొచ్చు. విమానాశ్రయంలో సామాను చెక్-ఇన్ చేసేముందే కస్టమ్స్‌కి మగ్గు చూపించి ముద్ర వేయించాలి. సూట్‌కేసు బెల్టు మీద వెళ్ళిపోయాక చేసేదేం లేదు.

సర్దేటప్పుడు మగ్గు పగలదు, మూత వంగుతుంది. తగరం మెత్తన. మూతకీ అంచుకీ మధ్య టిష్యూ కాగితం మడత పెట్టండి. మగ్గు లోపల సాక్సులు కుక్కండి. మూత దారంతో పిడికి కట్టేసి, మీట చుట్టూ తువ్వాలు మందంగా చుట్టండి. పిడి పైకి, మగ్గు అడ్డంగా, సూట్‌కేసు నడిమధ్యన బట్టల్లో. నా స్నేహితుడు ఒకడు మగ్గుని ఆవకాయ సీసా పక్కన పెట్టాడు, అదీ వస్తున్నప్పుడు కాదు, ఇక్కణ్ణుంచి వెళ్తున్నప్పుడు. పాత ఆవకాయ వెనక్కి ఎందుకు తీసుకెళ్తున్నాడో ఇప్పటికీ చెప్పడు.

అక్కడికి చేరాక అత్తగారికి ఒక్క మాట చెప్పడం మర్చిపోకండి. చింతపండు పెట్టి తోమొద్దు. రాగి చెంబుకీ ఇత్తడి బిందెకీ చింతపండు ఎంత మేలో తగరానికి అంత కీడు, మెరుపు పోయి మచ్చలు పడతాయి. పీచూ వద్దు, తోముడు పొడీ వద్దు. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ. తుడిచి ఆరేదాకా మూత తెరిచే ఉంచాలి, లేకపోతే లోపల ముక్కిన వాసన పట్టుకుంటుంది. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, పొయ్యి పక్కన అసలే వద్దు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, గ్యాసు మంట దానికి చాలా ఎక్కువ. జర్మన్లు పూర్వం తగరం మెరుగుపెట్టడానికి ఒక రకం గడ్డి వాడేవాళ్ళు. దాన్ని ఇప్పటికీ ‘జిన్‌క్రౌట్’, తగరపు మొక్క, అనే పిలుస్తారు. రాజమండ్రిలో దొరకదు, మెత్తటి గుడ్డే గతి.

ఆఖరుగా, టైముంటే మూత మీద పేరు చెక్కించండి. తగరం సామాను అమ్మే షాపుల్లో చాలావాటిలో చేసిపెడతారు, ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. మా నాన్నగారి మగ్గుకి నేను తెలుగులో చెక్కించాను. అక్షరాలు పెద్దగా ప్రింటు తీసి ఇచ్చాను. చెక్కే ఆయన కాసేపు కాగితం తలకిందులుగా పట్టుకుని చూశాడు, ఏది పైన అని అడిగాడు. ‘నా’కి తలకట్టు బదులు దీర్ఘం ఎక్కడ మొదలవుతుందో, ‘న్న’లో కింది ఒత్తు ఎంత దూరంలో ఉండాలో నాతో నాలుగుసార్లు గీయించుకున్నాడు. మీరూ ప్రింటు మీద పైవైపు బాణం గుర్తు వేసి తీసుకెళ్ళండి, డబ్బులిచ్చే ముందు అక్కడే అక్షరం అక్షరం చదివి చూసుకోండి.